ఒక్కపొద్దులు

మల్కాపురంలో నాకు భక్తుడని పేరు.
సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి,
మధ్యలో ఏకాదశులు, సంకటహర చవితులు.
పెళ్ళిళ్ళలో, బారసాలల్లో
"ఇవాళ ఒక్కపొద్దండీ" అని చేతులు జోడిస్తే
ఆకు తీసేసేవాళ్ళే తప్ప అడిగేవాడు లేడు.
దేవుడి పేరు చెప్పి
గొంతుని దాచుకున్నాను మూడేళ్ళు.

నిజం తలగడకి తెలుసు.
రాత్రి తిన్న మెతుకులు తెల్లారి గలేబు మీద,
నమిలినవి నమిలినట్టే,
కడుపు మొహం చూడనివి.
నిజం సన్యాసమ్మకి తెలుసు.
నేను పక్కకి ఒత్తిగిల్లితే
మెడలో బుడబుడమని
బుంగలో నీళ్ళు ఒంపినట్టు చప్పుడు.
"ఏటయ్యా, గొంతులో కప్పని పెంచుతున్నావా?"
అని నవ్వేది.
పొద్దున్న ఎనిమిదికి మింగిన బీపీ మాత్ర
మధ్యాహ్నం దగ్గులో బయటికొచ్చి
అరచేతిలో తెల్లగా కూర్చున్న రోజున
నవ్వడం మానేసింది.

పెద్దాస్పత్రిలో సున్నపు తేటలాంటిది ఇచ్చి
తాగుతుండగానే ఫొటోలు తీశారు.
తెరమీద నేనూ చూశాను:
తెల్లటి చార ఒకటి దిగుతూ దిగుతూ
పక్కకి తిరిగి సంచీలోకి జారి
అక్కడే ఆగిపోయింది,
రైలెక్కాల్సిన మనిషి
స్టేషన్ బెంచీమీద నిద్రపోయినట్టు.

"గొంతు వెనక గోడ పలచబడి సంచీ కట్టింది,
కింద కండరం బిగుసుకుపోయి దారి వదలడం లేదు"
డాక్టర్ హిమజ బొమ్మ గీసి చెప్తోంది.
ముప్పైయొక్కేళ్ళు డ్రెడ్జర్ మీద చేసినవాణ్ణి,
నాకు చెప్పాలా?
డాల్ఫిన్ కొండ నీడలో, హార్బర్ నోట్లో
ఎన్ని పక్కగుంటలు చూడలేదు!
ఓడకి దారి కావాలి,
ఇసక మాత్రం తన గుంట తానే వెతుక్కుంటుంది.
"తవ్వేస్తారా?" అన్నాను.
"తవ్వం. సంచీకీ దారికీ మధ్య అడ్డుగోడ ఉంది,
దాన్ని కోసేస్తాం. సంచీ కూడా దారిలో కలిసిపోతుంది."
"మెడ కొయ్యరా అమ్మా?" సన్యాసమ్మ.
"నోట్లోంచే వెళ్తాం, నోట్లోంచే వస్తాం. బయట గాటుండదు."
సన్యాసమ్మ నా మెడకేసి
చేప మొప్ప ఎత్తి చూసే చూపు చూసింది.
సంతకానికి ముందు డాక్టర్ ఇంకో మాటంది:
"ఒక్కోసారి చిల్లు పడొచ్చు.
ఒక్కోసారి సంచీ మళ్ళీ రావొచ్చు."
ఇసక కూడా అంతేనమ్మా అని
సంతకం పెట్టాను.

మత్తు దిగేసరికి ఓడ కూత వినిపించింది,
లేదా వినిపించిందనుకున్నాను.
గొంతులో గీరుకుపోయిన మంట,
డెక్కు మీద గాలికెదురు అరిచిన రోజుల మంటే అది.
మెడ తడుముకున్నాను.
గాటు లేదు, కుట్టు లేదు.
ఇంత జరిగిందని నలుగురికీ చూపించుకోడానికి
ఒక్క గీతైనా మిగల్లేదని
కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

మర్నాడు చెంచాడు నీళ్ళు.
వార్డంతా వినేలా చెవులు రిక్కించాను.
బుడబుడ లేదు.
చల్లగా, నిటారుగా,
దారిలో దిగి టీ తాగకుండా
తిన్నగా వెళ్ళింది నీరు.

తర్వాత జావ, మెత్తన్నం, తాటి ముంజలు.
నెల తిరిగాక బీచ్‌లో మురీ మిక్స్చర్ పొట్లం కొన్నాను.
ఉల్లిముక్క, నిమ్మరసం, వేరుశనగ గుళ్ళు.
ఒకప్పుడు ఒక్క మురీ చాలు నన్ను కన్నీళ్ళు పెట్టించడానికి.
నేను అలల్ని చూస్తూ నములుతున్నాను,
సన్యాసమ్మ అలల్ని చూడలేదు,
నా గొంతు ముడి లేచి దిగడం చూసింది,
పొట్లం ఖాళీ అయ్యేదాకా.

మొన్న శనివారం ఎదురింటి గృహప్రవేశం.
వడ్డించే కుర్రాడు నన్ను చూసి
"తాతకి ఒక్కపొద్దు" అని పక్కకి జరిగిపోయాడు.
"ఆకెయ్యరా నాయనా" అన్నాను.
బంతంతా తలలు తిప్పింది.
గారెలు నాలుగు, పులిహోర రెండోసారి.
వెంకన్న దగ్గర లెక్క నేను చూసుకుంటాను,
మూడేళ్ళ ఉపవాసాలు నిలవున్నాయి.

సన్యాసమ్మ మాత్రం ఇప్పటికీ
తెల్లారి లేవగానే
నా గలేబు తిరగేసి చూస్తుంది.